ఆరాకుల దాకా నీళ్లే

పోయిన నెల జేకేపూర్‌లో మా చెల్లెలింటికి వెళ్లినప్పుడు, పక్కింటి అమ్మాయి కాగితం కప్పుల్లో పోసిన టమాటా నారు తెచ్చి చూపించింది. పొట్టు విదిల్చుకుని రెండేసి ఆకులు అప్పుడే విప్పుకున్నాయి. ఆ పిల్ల రెండో చేతిలో టానిక్ సీసా ఉంది. మూత సగం తిప్పేసి, ఎన్ని చుక్కలు వెయ్యాలని అడిగింది. నేను ఎరువుల కొట్టువాళ్ల కోడలినని మా చెల్లెలు ముందే డప్పు కొట్టి ఉంటుంది. నేను కప్పందుకుని, కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, కిందినుంచి తేరిపార చూసి, "ఇది ఇంకా అమ్మ కట్టిన మూటే తింతాంది. సీసా లోపలెట్టీ" అన్నాను.

ఆ పిల్ల బిత్తరపోయింది. నేనూ బిత్తరపోయాను. ఆ మాట నాది కాదు, ఆ గొంతూ నాది కాదు. కప్పుని అలా వెలుతురుకి ఎత్తడం కూడా నాకెప్పుడూ లేని అలవాటు. అన్నీ మా తోటికోడలివి. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. పోయినప్పుడు పనుల హడావిడిలో పెద్దగా ఏడవని దాన్ని, ఆ రోజు మా చెల్లెలి వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ కూర్చుని, వాటి మీద నెపం పెట్టి కాస్త ఏడ్చాను.

ఆవిడ పేరు రాయడం లేదు. బతికుండగా కొట్టు బోర్డు మీద తన పేరు రాయిద్దామంటేనే ఒప్పుకోని మనిషి. నాకు అక్క. కొరాపుట్‌లో సగం మందికి ఎరువులక్క. అది చాలు.

విత్తు మొలిచాక మొదట వచ్చే రెండు మందపాటి ఆకులు అసలాకులే కావని అక్క సిద్ధాంతం. ఊరెళ్లే పిల్లకి తల్లి కట్టిచ్చిన సద్దిమూట లాంటివి అవి. ఆ మూట ఉన్నన్నాళ్లూ పైనుంచి ఏం పెట్టినా అరగదు, వేరు మాడిపోతుంది. మూట ఆకుల్ని లెక్కలోంచి తీసేసి, ఆ పైన ఆరు అసలాకులు విప్పుకునేదాకా నీళ్లే. ఆ తర్వాత కూడా ఎరువు నీళ్లు పలచగా, రంగు కనిపించీ కనిపించనట్టుగా పొయ్యాలి. మిరపకైనా వంగకైనా ఆవిడది ఇదే పాట. మట్టిని బట్టీ మొక్కని బట్టీ లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుందని నేనొకసారి పుస్తకం చూసి చెప్పబోయాను. "అవనీ. ఆత్రంగాడికి ఒకటే లెక్క సెప్పాల. రెండు సెప్తే సిన్నది పట్టుకుంతాడు" అంది.

మావాళ్లు సాలూరు నుంచి ఘాట్ ఎక్కి వచ్చి కొరాపుట్‌లో ఎరువులు, విత్తనాల కొట్టు పెట్టుకున్నారు. మా మామగారి కాలం నుంచీ కొట్టులో ఒక కట్టుబాటు ఉంది. సరుకు కొనేవాడిని దేనికని అడక్కూడదు. ఎంత కావాలి, ఎందులో పట్టుకెళ్తావు, ఈ రెండే అడగాలి. కొండల్లో ఎవడి చెలకలో ఏముందో మనకెందుకు, అడిగితే వాడు మొహం మాడ్చుకుని పక్క కొట్టుకి పోతాడని ఆయన నమ్మకం. ఈ ప్రాంతంలో వ్యాపారం చేసే మనవాళ్లందరిదీ దాదాపు ఇదే పద్ధతి. అక్క ఆ కట్టుబాటు దాటలేదు గానీ, దాని పక్కనే ఒక సందు చేసుకుంది. దేనికని అడిగేది కాదు. "ఎన్నాకులు?" అని అడిగేది.

ఆరుకి తక్కువ చెప్పాడా, అంతే సంగతి. యూరియా బస్తా ఎదురుగా కనిపిస్తున్నా, లేదనేది. మా బావగారు లోపల్నుంచి దగ్గేవారు. ఆవిడకి వినపడేది కాదు. ఒకసారి ఒక కంపెనీ కుర్రాడు టై కట్టుకుని వచ్చి, మొలిచిన మర్నాడే వెయ్యాల్సిన కొత్త టానిక్ అంటూ సీసాలు పరిచాడు. అక్క వాడికి టీ ఇప్పించి, పెళ్లయిందా, పిల్లలెంతమంది అని ఆరా తీసి, పిల్ల పుట్టిన మర్నాడు ఏం పెట్టావని అడిగింది. పెట్టడమేమిటి, తల్లి పాలేనన్నాడు వాడు. "ఈ మొలక్కి తల్లి లేదనుకున్నావేటి?" అంది. వాడు నవ్వుతూ సీసాలు సర్దుకున్నాడు. తర్వాత్తర్వాత వచ్చినప్పుడల్లా సీసాలు సంచీలోనే ఉంచి, టీ మటుకు తాగి పోయేవాడు.

ఈ ఆగడం అనేది ఆవిడకి కొట్టు దాకానే ఉంటే బాగుండేది. ఇంట్లోనూ అంతే. నేను కొత్తగా కాపురానికి వచ్చిన వారంలో సగం రోజులు ఆకలితో మాడాను. మా పుట్టింట్లో అడక్కుండానే కంచం నిండుతుంది. ఇక్కడ అక్క వండిపెట్టి, మూత వేసి, తన పని తాను చేసుకునేది. ఆకలైతే అడుగుతారని ఆవిడ లెక్క. అడగడం తప్పని నా పెంపకం. చివరికి ఒక మధ్యాహ్నం కళ్లు తిరిగి గుమ్మంలో కూలబడితే, ఆవిడ నీళ్లు చల్లి, చాలా ఆశ్చర్యంగా, నోరుందిగా, అడగొచ్చుగా అంది. ఇంటికొచ్చిన చుట్టాలు కూడా ఆవిడ చేతిలో ఇలాగే అవస్థ పడేవారు. ఆవిడ పిసినారి కాదు. అడిగితే గిన్నెతో తెచ్చి బోర్లించేది. అడిగేదాకా కదిలేది కాదు, అంతే.

మరో సంగతి చెప్పాలి. నారు పల్చన చెయ్యడం ఆవిడ వల్ల అయ్యేది కాదు. పెరట్లో మేమే పోసుకునే నారుమళ్లలో ఒత్తుగా మొలిచిన చోట కొన్ని పీకితే గాని మిగిలినవి ఎదగవు. అది ఆవిడకి తెలుసు, అందరికీ చెప్పేది కూడా. కానీ ఆ పనికి నన్ను పిలిచి, తను లోపలికి పోయి ఏదో గిన్నె తోముతున్నట్టు చప్పుడు చేసేది. నేను పీకిన మొలకల్ని పారెయ్యనిచ్చేది కాదు. తడి గుడ్డలో చుట్టి ఎవరికో ఒకరికి అంటగట్టేది.

వారానికోసారి లమ్తపుట్ సంతకి వ్యానులో సరుకు వేసుకుని వెళ్లేవాళ్లం. బావగారికి కీళ్ల నొప్పులు వచ్చాక ఆ పని మా ఇద్దరి మీదా పడింది. చింతపండు, నువ్వులు, కోళ్లు, ఎండుచేపలు, వాటి మధ్య ఒక టార్పాలిన్ కింద మేము. అక్క దేశియాలో, అంటే ఇక్కడి కొండవాళ్ల ఒడియాలో, బేరమాడుతుంటే వినడానికి తమాషాగా ఉండేది. ప్రతి మాటా సాలూరులో పుట్టి ఇక్కడికి నడిచొచ్చినట్టుండేది. అయినా కొండ ఆడవాళ్లు ఆవిడ దగ్గరికే వచ్చేవారు. మొగవాళ్ల కొట్టులో చెప్పుకోలేని మాటలు ఇక్కడ చెప్పుకునేవారు.

అలా వచ్చిన వాళ్లలో సుక్రి ఒకత్తె. ముప్పయ్యేళ్లు కూడా ఉండవు. మొగుడు దక్షిణాదికి పనికి పోయాడు. మొదట్లో కబురు వచ్చేది, తర్వాత అదీ లేదు. ఇద్దరు చిన్నపిల్లలు, సంత నుంచి చాలా దూరం నడిస్తే వచ్చే కొండవాలులో చిన్న చెలక. ఆ వేసవి చివర్లో వచ్చి, మిరప నారు పోశానని, మందు ఎప్పుడు వెయ్యాలని అడిగింది. అక్క అలవాటు ప్రకారం మూట ఆకుల పురాణం చెప్పి, ఆరాకులు వచ్చాకే యూరియా నీళ్లు చల్లమని చిన్న పొట్లం ఇచ్చింది.

తర్వాతి సంతకే మళ్లీ వచ్చింది. నారు అంచులు మాడిపోయి ముడుచుకుపోతోందంది. ఆరాకులు రాకుండానే వేసుంటావని అక్క గదిమింది. వచ్చాకే వేశానని సుక్రి. మొలిచి పట్టుమని పక్షం కాని మిరపకి ఆరాకులు ఎలా వచ్చాయని అక్క. ఇద్దరి గొంతులూ లేచాయి. నారు తెచ్చి చూపించమంటే సుక్రి తేలేదంది. చివరికి రెండు చేతులూ మా ముందుకి చాపి, బొటనవేలూ చిటికెనవేలూ మడిచి, నడిమి మూడేసి వేళ్లు విప్పి పట్టుకుంది. మూట ఆకులు, వాటి మీద ఒక జతా వదిలేసి, ఆ పైన పుట్టినవి ఇవి. ఇటు మూడు, అటు మూడు. ఆరు కాదా అని అడిగింది.

అక్క ఆ చేతుల వంక చూసింది. ఏ సీమ మిరపాకూ వేళ్లు విప్పదు. నాకు కూడా అప్పటికి తెలిసిపోయింది. గంజాయి ఆకు ఒక్కటే తొలి జత దాటాక అలా మూడు చీలికలతో వచ్చి, తర్వాత ఐదవుతుంది. సుక్రి చీలిక చీలికనీ ఒక ఆకుగా లెక్కపెట్టుకుంది.

అక్క ముందుకి వంగి, సుక్రి కుడిచేతి మూడు వేళ్లూ దగ్గరికి చేర్చి తన గుప్పెట్లో పట్టుకుంది. "ఇదొకటి" అంది. ఎడమచేతి వేళ్లూ అలాగే చేర్చి పట్టుకుని, "ఇదొకటి" అంది. తర్వాత ఎప్పటి గొంతుతోనే, యూరియా ఆపెయ్యమని, మంచినీళ్లతో మట్టి బాగా కడిగెయ్యమని, కొత్త ఆకు పచ్చగా వచ్చేదాకా ఏమీ వెయ్యొద్దని చెప్పి పంపించేసింది.

వ్యాను కదిలాక నేను ఊరుకోలేకపోయాను. ఆ నెలలోనే పక్క కొండ మీద ఎక్సైజువాళ్లు పంట నరికి, ఇద్దరు ఆడవాళ్లని తీసుకెళ్లారని సంతంతా చెప్పుకుంటున్నారు. బెయిలు కూడా దొరకదట. "నువ్వు బతికించిన మొక్క దాన్ని జైల్లో పెడతాదక్కా. పిల్లల్ని ఎవలు సూస్తారు?" అన్నాను.

అక్క రోడ్డు వంకే చూస్తూ, "మాడిపోతాందని సెప్పింది కదమ్మీ. మాడిపోతాందంటే ఏటి సెయ్యాలో నోటికొచ్చీసింది. అదేం మొక్కో తర్వాత తట్టింది" అంది. నిజానికి తర్వాత కాదు, ముందే తట్టింది. ఆ వేళ్లు పట్టుకున్నప్పుడు ఆవిడ మొహం నేను చూశాను. మొక్క మాడుతోందంటే ఆగలేకపోయింది, అంతే.

పోనీ, మానెయ్యమని వచ్చే వారమైనా చెప్పు అన్నాను. అదే అడుగుతుందిలే, భయం వేస్తే అదే అడుగుతుంది, అడిగినప్పుడు చెప్తానంది. సుక్రి అడగలేదు. నారు తేరుకుందని మొహమంతా వెలిగిపోతూ వచ్చింది. ఆకు దొన్నెలో పుట్టగొడుగులు తెచ్చి అక్క ఒళ్లో పెట్టింది. ఇంటికొచ్చాక నేను కూర వండాను. అక్క ముద్ద కలిపి, తినకుండా లేచిపోయింది.

ఆ తర్వాతి సంతనాడు వ్యాను దగ్గర డ్రైవర్ని కూర్చోబెట్టి, అక్క నన్ను లేవదీసింది. ఆటో వెళ్లినంత దూరం వెళ్లి, అక్కణ్నుంచి నడిచాం. మోకాళ్ల నొప్పులతో ఆవిడ ప్రతి మలుపులోనూ ఆగింది. సుక్రి మమ్మల్ని చూసి సంబరపడి, నీళ్లిచ్చి, ఇంటి వెనక మొక్కజొన్న మధ్యలోకి తీసుకెళ్లింది. మడి కళకళలాడుతోంది. జానెడెత్తు మొక్కలు, ఒక్క మాడిన అంచు లేదు. మా అక్క చెప్పినట్టు చేస్తే ఏ మొక్కైనా అలాగే ఉంటుంది. సుక్రి గర్వంగా నిలబడింది.

అక్క మడి గట్టు మీద చతికిలబడి, సంగతంతా నిదానంగా చెప్పింది. ఎక్సైజువాళ్లు వస్తే ఈ విత్తనం ఇచ్చిన దళారీ కనపడడని, నువ్వే కనపడతావని, నువ్వు పోతే ఈ పిల్లలు ఎవరి గుమ్మంలో కూర్చుంటారని అడిగింది. సుక్రి అరవలేదు, ఏడవలేదు. మడి వంక చూసి ఒకే మాట అంది. దాన్ని మన మాటల్లో చెప్తే, "నీళ్లు పోసిన చేత్తో నేను పీకలేను. నువ్వు పీకు."

నేను వంగబోతే అక్క నా భుజం పట్టి ఆపింది. కొంగు నడుముకి దోపుకుని, మడిలో దిగి, ఒక్కొక్క మొక్కనీ మొదట్లో పట్టుకుని, వేరు తెగకుండా, నాటు వేసేవాళ్లు నారు తీసినంత జాగ్రత్తగా పీకింది. ఎందుకంత జాగ్రత్తో అడగాలనిపించి, అడగలేదు. చివరి మొక్క దాకా తనే పీకింది. పెంటగుంతలో వేసి మట్టి కప్పి, చేతుల మట్టి దులుపుకుని లేచింది. మేం బయల్దేరుతుంటే సుక్రి గుమ్మంలోకి రాలేదు. లోపల పిల్లలతో ఏదో అంటున్న గొంతు వినపడింది.

ఆ తర్వాత సుక్రి సంతకి రావడం మానేసింది. అక్క సరుకు తూస్తూనే కొండదారి వంక చూసేది. ఒకసారి వెళ్లి చూసొద్దామా అన్నాను. కోపం మీదుంది, తగ్గితే అదే వస్తుంది, ఇప్పుడు పోతే ఇంకా రెచ్చిపోతుందంది. ఆషాఢం వెళ్లింది, శ్రావణమూ వెళ్లింది. ఆ ఏడు వానలు కొండ మీద మొక్కజొన్నని కుళ్లబెట్టేశాయని విన్నాం. అప్పుడు కూడా ఆవిడ ఆగింది. నేనూ ఆగాను. ఆవిడ మాటకి ఎదురు చెప్పే ఓపిక నాకెప్పుడూ తక్కువే.

ఒక సంతలో ఆ వాలుకి చెందిన ముసలమ్మ ఉప్పు కొనుక్కుని, మా టార్పాలిన్ కింద వానకి నిలబడింది. సుక్రి ఎలా ఉందని అక్క అడిగింది. ఏముంది, టెంకల జావ తాగుతున్నారంది ముసలమ్మ మామూలుగా. మామిడి టెంకల్ని పగలగొట్టి, లోపలి పప్పు పిండి చేసి కాచే జావ అది. తిండి లేని వానాకాలంలో ఇక్కడి కొండల్లో అదే ఆఖరి ఆధారం. సరిగా ఊరకపోతే విషమై ప్రాణాలు తీస్తుంది. ఆ మాట విన్నాక అక్క చేతిలో తక్కెడ అలాగే వేలాడిపోయింది. మరుక్షణం చెప్పులు కూడా వేసుకోకుండా లేచి నిలబడింది.

ఆ రోజు సంతలో దొరికిన బియ్యం, చోళ్లు, పప్పు, నూనె అన్నీ ఆటోలో పడేసి, కొట్టు పని ఎవరికో అప్పగించి వెళ్లాం. ఆటో దిగాక అక్క సగం సరుకు బస్తాలో వేసి తన నెత్తి మీదే పెట్టుకుంది. ఏ మలుపులోనూ ఆగలేదు. సుక్రి గుమ్మంలో కూర్చుని ఉంది. చిన్నది దాని ఒళ్లో తల వేలేసి పడుకుంది. మమ్మల్ని చూసి లేవలేదు. తిండి లేకపోయిందని, చిన్నది నాలుగు పూటలుగా ఏదీ ఇముడ్చుకోవడం లేదని, నువ్వు పీకేసి పోయావని, అంతే చెప్పింది. కోపంగా కూడా కాదు, వాన గురించి చెప్తున్నట్టు చెప్పింది.

అక్క బస్తా దించి దాని ఎదురుగా మట్టిలో కూర్చుంది. "పీకీసేను. పీకిన సోట ఏటి ఎయ్యాలో సెప్పకుండా ఎల్లిపోయేను. నువ్వు అడుగుతావని కూకున్నాను" అంది. దేశియాలో కాదు, తెలుగులో అంది. ఆవిడకి అప్పుడు వేరే భాష రాలేదు. సుక్రికి అర్థమైందో లేదో నాకు తెలీదు. కాసేపటికి పిల్లని అక్క చేతుల్లోకి ఇచ్చింది.

ఆ పిల్లని కొరాపుట్ పెద్దాసుపత్రికి తీసుకొచ్చాం. బతికింది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ సుక్రీ, పెద్ద పిల్లా మా ఇంట్లోనే ఉన్నారు. ఆ రోజుల్లోనే అక్కలో మార్పు చూశాను. కంచాలు ముందే పరిచేది. ఎవరు గుమ్మం తొక్కినా, మాట పూర్తి కాకముందే తిన్నావా అని అడిగేది. కొట్టులో కూడా అంతే. ఎరువు కోసం వచ్చినవాళ్లు బిక్కమొహం వేసేవారు. కంపెనీ కుర్రాడు వస్తే టీ ఒక్కటే కాదు, ఉప్మా కూడా పెట్టేది. బావగారు నవ్వి, ఇదేదో కొత్త జబ్బు అనేవారు. మొక్కల విషయంలో మాత్రం ఆరాకుల దగ్గర్నుంచి ఒక అంగుళం జరగలేదు. మనుషులకి వేరే లెక్క అని ఆవిడ ఎక్కడా చెప్పలేదు. అలా నడుచుకుంది.

సుక్రి చెలకలో అక్క నారుమళ్లు వేయించింది. మిరప, వంగ, టమాటా. నారు కట్టలు కట్టి మా పక్కనే కూర్చుని అమ్ముకునేది. తొలి ఏడు అది చాలలేదు, అక్క వారం వారం ఏదో ఒకటి మోసుకెళ్లేది. నేను తోడు పోయేదాన్ని. విత్తనం ఇచ్చినవాడు ఒకసారి వచ్చి నాలుగు మాటలని పోయాడట. వాడికి కొండలకి కొదవా? సుక్రి ఎప్పుడూ కృతజ్ఞత అనే మొహం పెట్టలేదు. పైగా అక్కతో ఆ విధంగా పోట్లాడిన మనిషిని నేను చూడలేదు. ఆకు పాలిపోయింది, ఐదాకులకే ఎరువు వెయ్యాలని అది, ఆరో ఆకు వచ్చేదాకా ముట్టుకుంటే ఊరుకోనని ఈవిడ. సంతలో జనం ఆగి చూసేవారు. ఒక్కోసారి సుక్రి చెప్పకుండా వేసేది, నారు బాగా వచ్చేది. ఆ సంగతి అక్కకి తెలుసు. తెలియనట్టు నటించేది. నిజం చెప్పాలంటే నాకు కాస్త అసూయగా ఉండేది. నేను అన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి, ఆవిడతో ఒక్కసారీ గట్టిగా పోట్లాడలేకపోయాను.

అక్క కిందటేడు చలికాలంలో వెళ్లిపోయింది. గుండె. పొద్దున్న కొట్టు తెరిచి, కుర్చీలో కూర్చుని, ఎవరికో తిన్నావా అంటూనే ఒరిగిపోయింది. సాలూరు నుంచి ఆడపడుచులు, మరుదులు, అందరూ దిగారు. లమ్తపుట్‌కి వ్యాను డ్రైవర్ చేత కబురు పంపాను. సుక్రి మధ్యాహ్నం బస్సుకి వచ్చింది. కాళ్ల నిండా మడి బురద. వాకిట్లో మనవాళ్లంతా ఎవరని చూస్తుండగానే లోపలికి వచ్చి, అక్క కాళ్ల దగ్గర కూర్చుని, రాగం తీసింది.

వాళ్లలో అలాగే ఏడుస్తారు. పోయినవాళ్ల ఎదురుగా కూర్చుని, చెప్పాల్సిందంతా పాటలా చెప్పేస్తారు. దాచుకోరు. అది దేశియాలో సాగింది. మా ఇంటి మగవాళ్లు వాకిట్లో ఉన్నారు, ఆ గదిలో ఆ మాటలు అర్థమయ్యేది నా ఒక్కదానికే. నువ్వెవతివే నా మడిలో దిగడానికి, అంది. నా మొక్కలు పీకేసి, నా పిల్లలకి టెంకల జావ పోయించావు, నా చిన్నది చచ్చిపోయుండేది. పీకినదానివి అలాగే పోక మళ్లీ ఎందుకొచ్చావు, బస్తా నెత్తి మీద పెట్టుకుని ఎందుకొచ్చావు. వారం వారం వచ్చి అలవాటు చేశావు. ఇప్పుడు నా గుమ్మానికి ఎవరొస్తారు, నేనెవరితో పోట్లాడాలి. అలా ఒక్కటీ వదలకుండా, మొదటి సంత నుంచీ మొదలుపెట్టింది. నేను గోడకి ఆనుకుని, నోట్లో కొంగు కుక్కుకుని విన్నాను. నేను చెప్పాల్సినవి కూడా అందులో ఉన్నాయి.

మా పెద్దాడపడుచు నా చెయ్యి గిల్లి, "ఎవలమ్మీ ఆ మనిసి? ఏటంతాంది?" అని అడిగింది.

"అక్కని తిడతాంది ఒదినా."

ఆవిడ తుళ్లిపడి, పీనుగుని పట్టుకుని తిట్టడమేమిటి, లేపి బయటికి పంపించమంటూ తనే కదలబోయింది. నేను ఆవిడ కొంగు పట్టుకుని ఆపాను.

"తిట్టనీ ఒదినా. దానికింకా సెప్పాల్సింది సేనా ఉంది."